ఫంగస్, మైకోబాక్టీరియా గుర్తింపు: శాంపిల్ నుంచి రిపోర్టు దాకా

క్షయ క్రిమి మైకోబాక్టీరియా అనే బాక్టీరియా గుంపులోది, బూజు ఫంగస్. క్షయ క్రిమికీ బూజుకీ చుట్టరికం లేదు. అయినా ల్యాబ్‌లో రెండూ ఒకే బెంచీ మీద ఎదురవుతుంటాయి. రెండూ నిదానంగా పెరుగుతాయి. రెండూ ఊపిరితిత్తుల్లో గ్రాన్యులోమాలు (కణాల గడ్డలు) కట్టి, ఎక్స్‌రేలో ఏది ఏదో తేలనివ్వవు. మామూలు బ్లడ్ అగార్ మీద రెండు రోజులు చూసి ‘గ్రోత్ లేదు’ అని రాసేస్తే రెండూ తప్పించుకుంటాయి.

ఈ పనిలో పరీక్షలు ఎన్నో ఉన్నాయి కానీ ఏ ఒక్క పరీక్షనూ నమ్మి పేరు పెట్టకూడదు. స్మియర్‌లో (శాంపిల్‌ను పలచగా పూసిన స్లైడ్‌లో) కనిపించిన రూపం, పెరగడానికి పట్టిన రోజులు, పెరిగిన ఉష్ణోగ్రత, కాలనీ తీరు, చివరి నిర్ధారణ పరీక్ష అన్నీ ఒకే మాట చెప్పాలి. ఒకటి పొసగలేదంటే ఎక్కడో కంటామినేషన్ జరిగింది, లేదా రెండు జీవులు కలిసి పెరిగాయి, లేదా ట్యూబుల లేబుల్ మారింది. ఇక కింద చెప్పేదంతా ఈ పోల్చిచూసే పని ఎలా చేయాలన్నదే.

శాంపిల్‌ని ముందే పంచాలి

క్షయకూ ఫంగస్‌కూ రెండింటికీ పంపిన కళ్లెను డబ్బా తెరవగానే రెండు భాగాలు చేయండి. మైకోబాక్టీరియా కల్చర్‌కు వాడే సోడియం హైడ్రాక్సైడ్ చాలా ఫంగస్‌లను చంపేస్తుంది. క్షయ బెంచీలో మిగిలిన మడ్డిని ఫంగల్ కల్చర్‌కు ఇచ్చి, ఏమీ పెరగలేదని రాయడం చాలాచోట్ల జరిగే పొరపాటు.

క్షయ స్మియర్‌కు చిక్కటి, చీములాంటి కళ్లె 2 నుంచి 5 మి.లీ. కావాలి. ఉమ్మి పనికిరాదు. రెండు శాంపిళ్లలో ఒకటి తెల్లవారి లేవగానే దగ్గి తీసినదైతే మేలు. చర్మానికి తామర అనుమానమైతే ఆ చోటును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, మచ్చ మధ్యలో కాకుండా ఎర్రగా పాకుతున్న అంచున గీకాలి. బతికిన ఫంగస్ ఉండేది అక్కడే. గోరైతే పైపైన రాలిన పొడిని పారేసి, లోపలి వైపు గోరు కిందున్న మెత్తటి పదార్థం తీయాలి. వెంట్రుకను కత్తిరించొద్దు, కుదురుతో సహా లాగాలి. వీటిని పొడి కాగితంలో మడిచి పంపాలి. బిగుతు మూత డబ్బాలో తేమ చేరితే బాక్టీరియా పెరిగి అసలుదాన్ని కప్పేస్తుంది.

బయాప్సీ ముక్క దగ్గర ఒక జాగ్రత్త ఉంది. మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్ జబ్బు) అనుమానం ఉంటే ముక్కను రోకలితో నూరొద్దు. ఈ ఫంగస్ తీగల్లో (హైఫాల్లో) అడ్డుగోడలు దాదాపు ఉండవు కనుక ఒకచోట తెగితే లోపలిదంతా కారిపోయి చచ్చిపోతుంది. స్మియర్‌లో తీగలు కనిపించి కల్చర్‌లో ఏమీ రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. స్టెరైల్ బ్లేడుతో 1 మి.మీ. ముక్కలుగా తరిగి, మీడియాలోకి కొద్దిగా గుచ్చాలి. ఫార్మలిన్‌లో వేసి పంపిన ముక్క కల్చర్‌కు పనికిరాదు, అది పాథాలజీకే.

మొదటి చూపు: పొటాషియం హైడ్రాక్సైడ్, ఇండియా ఇంక్

చర్మపు పొట్టుకు 10 శాతం, గోటికి 20 నుంచి 40 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి కవర్‌స్లిప్ పెట్టండి. చర్మం 10 నుంచి 20 నిమిషాల్లో కరుగుతుంది, గోరు కొన్ని గంటలు, ఒక్కోసారి రాత్రంతా తీసుకుంటుంది. తడి దూది ఉన్న పెట్రీ డిష్‌లో పెడితే ఎండిపోదు. మైక్రోస్కోపు కండెన్సర్ డయాఫ్రమ్ బాగా తగ్గించి చూడాలి. వెలుతురు ఎక్కువైతే తీగలు కనబడవు.

కొత్తవాళ్లను మోసం చేసేవి మూడు. చర్మ కణాల అంచుల వెంట వలలా కనిపించే గీతలు, దూది పోగులు, గాలి బుడగలు. అసలు తీగ కణాల అంచులను పట్టించుకోకుండా వాటిని దాటుకుంటూ పోతుంది. దాని వెడల్పు చివరివరకూ ఒకేలా ఉంటుంది, మధ్యలో అడ్డుగోడలు కనిపిస్తాయి. సందేహం ఉంటే కాల్కోఫ్లోర్ వైట్ అనే మెరిసే రంగు కలపండి. అది ఫంగస్ గోడలోని కైటిన్‌కు అంటుకుని అల్ట్రావయొలెట్ వెలుతురులో మెరుస్తుంది. అయితే దూది పోగుల్లోని సెల్యులోజ్‌కూ అంటుకుంటుంది కనుక మెరుపు ఒక్కటే చాలదు, ఆకారమూ సరిపోవాలి. క్షయ క్రిములను మెరిపించే ఆరమైన్ స్టెయిన్‌కు వాడే నీలి ఫిల్టర్‌తో ఇది సరిగా కనిపించదు.

కణజాలంలో తీగల వెడల్పే సగం సమాధానం. 3 నుంచి 6 మైక్రాన్ల వెడల్పు, అడ్డుగోడలు, 45 డిగ్రీల దగ్గర చీలిన కొమ్మలు ఉంటే ఆస్పర్‌జిల్లస్ లాంటివి. ఫ్యుసేరియం, స్కెడోస్పోరియం కూడా అచ్చం ఇలాగే ఉంటాయి కనుక ఈ దశలో ‘ఆస్పర్‌జిల్లస్’ అని రాయడం తొందరపాటు. 5 నుంచి 20 మైక్రాన్ల వెడల్పుతో, రిబ్బన్‌లా ముడతలు పడి, దాదాపు లంబంగా చీలితే మ్యూకరేలిస్, అంటే మ్యూకర్‌మైకోసిస్ తెచ్చే గుంపు. ఇది కనిపించిన మరుక్షణం డాక్టరుకు ఫోన్ చేయాలి, కల్చర్ కోసం ఆగొద్దు.

వెన్నునీటిలో క్రిప్టోకాకస్ (చుట్టూ జిగురు క్యాప్సూల్ ఉండే ఈస్ట్, అంటే ఒకే కణపు ఫంగస్) కోసం శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగు మడ్డి ఒక చుక్క, ఇండియా ఇంక్ ఒక చుక్క కలపాలి. స్లైడ్ కింద అచ్చుకాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. చదవలేకపోతే ఇంక్ ఎక్కువైంది, క్యాప్సూల్ అందులో మునిగిపోతుంది. తెల్ల రక్తకణం చుట్టూ కూడా వలయం కనిపిస్తుంది కానీ దాని అంచు మసకగా ఉంటుంది. ఈస్ట్‌కు గోడ స్పష్టంగా, క్యాప్సూల్ అంచు గీత గీసినట్టు ఉంటుంది, మొగ్గ కనిపిస్తుంది. పాత ఇంక్ సీసాలోనే ఈస్టులు చేరి ఉండొచ్చు, అప్పుడప్పుడు ఉత్త ఇంక్‌ను చూసుకోండి. ఇంక్ పరీక్ష నెగెటివ్ అయినంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు. యాంటిజన్ స్ట్రిప్ దీనికంటే చాలా సున్నితమైనది.

జీల్-నీల్సన్ స్టెయిన్

మైకోబాక్టీరియా గోడలోని మైకోలిక్ ఆమ్లాల వల్ల రంగు లోపలికి వెళ్లడం కష్టం. వేడి చేసి ఎక్కిస్తే, తర్వాత ఆమ్లం పోసినా వదలదు. పద్ధతి ఇదీ.

1. కళ్లెలో చీములాంటి భాగం ఎంచుకుని 2×3 సెం.మీ. స్మియర్ గీయండి. ఆరాక కింద అచ్చుకాగితం పెడితే అక్షరాలు కనిపించాలి.
2. 15 నిమిషాలు ఆరనిచ్చి, మంట మీదుగా నాలుగైదుసార్లు పోనిచ్చి ఫిక్స్ చేయండి. తడి స్లైడ్‌ను మంటకు చూపితే క్రిములు గాలిలోకి ఎగురుతాయి.
3. వడగట్టిన 1 శాతం కార్బల్ ఫుక్సిన్‌తో నింపి, ఆవిరి లేచేదాకా కింద నుంచి వేడి చేయండి. ఉడకనివ్వొద్దు, ఎండనివ్వొద్దు. 5 నిమిషాలు ఉంచండి.
4. కడిగి, 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 నుంచి 4 నిమిషాలు. ఇంకా ఎర్రగా ఉంటే మరోసారి. ఆమ్లం తయారుచేసేటప్పుడు నీళ్లలో ఆమ్లాన్ని పోయాలి తప్ప ఆమ్లంలో నీళ్లు పోయకూడదు.
5. కడిగి, 0.1 శాతం మిథిలీన్ బ్లూ 30 నుంచి 60 సెకన్లు. కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి.

ఆయిల్ ఇమ్మర్షన్‌లో 100 ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేర ఒక ఫీల్డు) చూడాలి. 100 ఫీల్డుల్లో ఒక్కటీ లేకపోతే నెగెటివ్. 1 నుంచి 9 ఉంటే ‘స్కాంటీ’ అని రాసి, అంకె కూడా వేయాలి. 10 నుంచి 99 ఉంటే 1 ప్లస్. ఫీల్డుకు 1 నుంచి 10 ఉంటే 50 ఫీల్డులు చూసి 2 ప్లస్. ఫీల్డుకు 10కి మించితే 20 ఫీల్డులతో 3 ప్లస్. స్మియర్‌లో కనబడాలంటే మి.లీ. కళ్లెలో సుమారు 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి.

తప్పుడు పాజిటివ్‌లు ఎక్కడినుంచి వస్తాయో తెలుసుకుంటే వాటిని ఆపొచ్చు. ఆయిల్ కడ్డీని స్లైడ్‌కు తాకిస్తే ముందు స్లైడ్‌లోని క్రిములు తర్వాతదానికి చేరతాయి, చుక్క పై నుంచి పడాలి. కుళాయి నీళ్లలో హాని చేయని మైకోబాక్టీరియా ఉంటాయి. వడగట్టని ఫుక్సిన్‌లోని గడ్డలు కడ్డీల్లా కనిపిస్తాయి, అయితే అవి కణాలకంటే వేరే ఎత్తులో ఫోకస్ అవుతాయి. గీతలు పడ్డ పాత స్లైడ్‌లు వాడొద్దు.

ఆమ్లం గాఢత మార్చితే అదే స్టెయిన్ వేరే జబ్బులకు పనికొస్తుంది. కుష్ఠు క్రిమికి 5 శాతం, నొకార్డియాకు 1 శాతం. నొకార్డియా సన్నటి కొమ్మల తీగల్లా ఉండి ఫంగస్ అనిపిస్తుంది, యాసిడ్ ఫాస్ట్ (ఆమ్లం పోసినా రంగు వదలని) గుణం కూడా కొంత ఉంటుంది కనుక మైకోబాక్టీరియా అనిపిస్తుంది. వెడల్పు చూడండి. 1 మైక్రాన్ కూడా లేకపోతే అది ఫంగస్ తీగ కాదు.

స్లైడ్‌లు ఎక్కువగా వచ్చే చోట ఎల్‌ఈడీ ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు, ఆరమైన్ స్టెయిన్ మేలు. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఎక్కువ వైశాల్యం చూడొచ్చు. వెనుక భాగాన్ని నల్లబరచడానికి పోసే పర్మాంగనేట్‌ను మాత్రం ఒక నిమిషం దాటనివ్వొద్దు, ఎక్కువైతే క్రిముల మెరుపునూ ఆర్పేస్తుంది.

డీకంటామినేషన్: చంపాలి, అన్నిటినీ కాదు

కళ్లెలోని మామూలు బాక్టీరియాను చంపి, క్షయ క్రిములను మిగిల్చే పని ఇది. 4 శాతం సోడియం హైడ్రాక్సైడ్, 2.9 శాతం సోడియం సిట్రేట్ సమానంగా కలిపి, ప్రతి 100 మి.లీ.కి 0.5 గ్రాముల ఎన్-అసిటైల్ సిస్టీన్ వేయాలి. సిస్టీన్ జిగురును కరిగిస్తుంది, 24 గంటల్లో బలం కోల్పోతుంది కనుక ఏ రోజుకారోజే కలపాలి. కళ్లె ఎంత ఉంటే ద్రావణం అంత పోస్తే, సోడియం హైడ్రాక్సైడ్ చివరికి 1 శాతం అవుతుంది. మూత బిగించి వోర్టెక్స్ చేసి 15 నిమిషాలు ఆగాలి, 20 దాటొద్దు. తర్వాత పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌తో 50 మి.లీ. దాకా నింపి, 3000 జి దగ్గర 15 నుంచి 20 నిమిషాలు తిప్పాలి. మూతలున్న బకెట్లు తప్పనిసరి. ఆగాక 10 నిమిషాలు ఆగి సేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవండి. తక్కువ వేగంతో తిప్పితే కొవ్వు గోడ ఉన్న ఈ క్రిములు అడుక్కి దిగవు, పైనీళ్లతో పారబోసుకుంటాం.

ల్యాబ్ సరిగా నడుస్తోందా లేదా అన్నది కంటామినేషన్ రేటు చెబుతుంది. ఘన మీడియాలో 3 నుంచి 5 శాతం, ద్రవ మీడియాలో 8 నుంచి 10 శాతం దగ్గర ఉండాలి. సున్నాకు దగ్గరైతే సంతోషపడొద్దు, క్షయ క్రిములనూ చంపుతున్నామని అర్థం. ఒకేసారి ముప్పై ట్యూబుల్లో ద్రావణం పోసుకుంటూ వెళితే మొదటి ట్యూబు గడువు దాటిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో పట్టినన్నే ఒక విడత.

లోవెన్‌స్టైన్-జెన్సన్ స్లోప్ (వాలుగా గట్టిపరచిన ఘన మీడియా) ఒకటి, ద్రవ మీడియా ట్యూబు ఒకటి వేయండి. 7 మి.లీ. ఎంజీఐటీ ట్యూబుకు (పెరుగుదలను మెషీన్ కనిపెట్టే ద్రవ మీడియా) యాంటీబయాటిక్ కలిపిన పోషక ద్రావణం 0.8 మి.లీ., శాంపిల్ 0.5 మి.లీ. చేర్చాలి. ట్యూబు అడుగున ఉన్న రంగు పదార్థాన్ని ఆక్సిజన్ అణచి ఉంచుతుంది. క్రిములు ఆక్సిజన్‌ను వాడేసుకుంటే అది వెలుగుతుంది. ద్రవాన్ని 42 రోజులు, స్లోప్‌ను 8 వారాలు ఉంచాకే నెగెటివ్. చర్మం నుంచి వచ్చిన శాంపిలైతే 30 డిగ్రీల దగ్గర మరో జత పెట్టండి. మైకోబాక్టీరియం మారినం, అల్సరన్స్, హీమోఫిలం 37 డిగ్రీల్లో పెరగవు లేదా సరిగా పెరగవు. హీమోఫిలంకు హీమిన్ కూడా కావాలి. కుష్ఠు క్రిమి ఏ కృత్రిమ మీడియాలోనూ పెరగదు.

పెరిగింది ఏది?

మెషీన్ బీప్ కొట్టగానే క్షయ అని రాయొద్దు. మొదట జీల్-నీల్సన్ స్మియర్, పక్కనే బ్లడ్ అగార్ మీద ఒక గీత. బ్లడ్ అగార్ మీద ఒకటి రెండు రోజుల్లో పెరిగితే వేరే బాక్టీరియా కలిసింది. స్మియర్‌లో క్రిములు తాళ్లు పేనినట్టు వరుసలు కట్టి ఉంటే క్షయ వైపు మొగ్గు, కానీ మరికొన్ని జాతులు కూడా వదులుగా తాళ్లు కడతాయి. అందుకే క్షయ కుటుంబం వదిలే ఎంపీటీ 64 ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్: ట్యూబు నుంచి 100 మైక్రోలీటర్లు వేసి 15 నిమిషాలకు చదవాలి. గీత వస్తే క్షయ కుటుంబం. రాకపోతే క్షయేతర మైకోబాక్టీరియా కావచ్చు, కొన్ని బీసీజీ (టీకా క్రిమి) తెగలూ కావచ్చు, ఆ జన్యువులో మార్పు వచ్చిన క్షయ క్రిమి కూడా కావచ్చు. కనుక తాళ్లు కనిపించి స్ట్రిప్ నెగెటివ్ అయితే మాలిక్యులర్ పరీక్షకు పంపండి.

స్లోప్ మీద క్షయ కాలనీ గరుకుగా, పొడిబారి, లేత గోధుమ రంగులో, లూప్‌తో గీస్తే కదలనంత గట్టిగా ఉంటుంది. నయాసిన్ పాజిటివ్, నైట్రేట్ పాజిటివ్, 68 డిగ్రీల వేడి తర్వాత కాటలేజ్ నెగెటివ్, మి.లీ.కి 500 మైక్రోగ్రాముల పారానైట్రోబెంజోయిక్ ఆమ్లంలో పెరగదు. పశువుల క్షయ క్రిమి బోవిస్ నయాసిన్, నైట్రేట్ రెండూ నెగెటివ్, గ్లిజరాల్ కంటే పైరువేట్‌తో బాగా పెరుగుతుంది, పైరజినమైడ్‌కు లొంగదు.

క్షయేతరాలను 1959లో రనియన్ అనే శాస్త్రవేత్త నాలుగు గుంపులు చేశాడు. పేర్లు మారినా మొదటి అంచనాకు ఈ పద్ధతి ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. చీకట్లో పెంచిన లేత కాలనీకి ఒక గంట వెలుతురు చూపి, మళ్లీ చీకట్లో పెట్టి, మర్నాడు చూడండి. పసుపెక్కితే కన్సాసీ, మారినం లాంటివి. చీకట్లోనే పసుపుంటే గోర్డొనే, స్క్రోఫులేసియం. రంగు లేకపోతే ఏవియం-ఇంట్రాసెల్యులరే. సబ్‌కల్చర్‌లో ఏడు రోజుల్లోపే కాలనీలు వస్తే ఫార్చుయిటం, కెలోనే, ఆబ్‌సెసస్. ఇక్కడ రోజులు లెక్కించాల్సింది పలచన చేసి వేసిన సబ్‌కల్చర్ నుంచి, శాంపిల్ వేసిన రోజు నుంచి కాదు. ఆబ్‌సెసస్‌కు క్లారిత్రోమైసిన్ పరీక్షను 14 రోజులు ఉంచాలి. ఈఆర్ఎం 41 జన్యువు మందు తగిలాకే మేల్కొంటుంది కనుక మూడోరోజు లొంగినట్టు కనిపించినా తర్వాత ఎదురు తిరుగుతుంది.

ఈస్టులు

ఫంగల్ శాంపిల్‌ను ఎప్పుడూ రెండు రకాల సబూరో అగార్ మీద వేయాలి. ఒకదాంట్లో బాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ మాత్రమే, రెండోదాంట్లో సైక్లోహెక్సిమైడ్ కూడా. సైక్లోహెక్సిమైడ్ పర్యావరణ బూజులను ఆపి తామర ఫంగస్‌ను వదులుతుంది. కానీ అదే మందు క్రిప్టోకాకస్‌నూ మ్యూకరేలిస్‌నూ చాలా ఆస్పర్‌జిల్లస్‌లనూ ఆపేస్తుంది. ఆ ఒక్కటే వేసి నెగెటివ్ ఇస్తే ప్రమాదం.

మెత్తటి క్రీము రంగు కాలనీ వస్తే జర్మ్ ట్యూబ్ పరీక్ష. 0.5 మి.లీ. సీరంలో కాలనీని తాకీ తాకనట్టు తాకించి, 37 డిగ్రీల్లో 2 నుంచి 3 గంటలు. మొలక మొదట్లో నొక్కు లేకుండా నేరుగా సాగితే కాండిడా అల్బికాన్స్ లేదా కాండిడా డబ్లినియెన్సిస్. నొక్కు ఉంటే అది సూడోహైఫా (మొగ్గలు గొలుసై తీగలా కనిపించేది), కాండిడా ట్రాపికాలిస్ కావచ్చు. ఎక్కువ కాలనీ వేస్తే మొలకలు రావు. మూడు గంటలు దాటితే ట్రాపికాలిస్ కూడా నాటకం ఆడుతుంది. 45 డిగ్రీల్లో అల్బికాన్స్ సాధారణంగా పెరుగుతుంది, డబ్లినియెన్సిస్ పెరగదు. రంగుల క్రోమోజెనిక్ అగార్ మీద అల్బికాన్స్ ఆకుపచ్చ, ట్రాపికాలిస్ లోహపు నీలం, క్రుసీ గరుకు గులాబీ. ఈ మీడియాతో వచ్చే పెద్ద లాభం, ఒకే శాంపిల్‌లో రెండు ఈస్టులుంటే వెంటనే తెలిసిపోవడం.

యూరియేజ్ పాజిటివ్, మొగ్గలు గుండ్రం, సూడోహైఫా లేదు: క్రిప్టోకాకస్ అనుకుని బర్డ్‌సీడ్ అగార్ వేయండి, గోధుమ రంగు వస్తుంది. క్రిప్టోకాకస్‌లోని గట్టీ జాతిని కానవనిన్-గ్లైసిన్-బ్రోమోథైమాల్ బ్లూ అగార్ నీలంగా మార్చి చూపుతుంది.

2009లో వర్ణించిన కాండిడా ఆరిస్‌ను పాత బయోకెమికల్ కిట్లు హీమ్యులోనీ అనో, ఎరుపు లేని రోడోటోరులా అనో చెబుతాయి. అలాంటి పేరు తెరమీద కనిపిస్తే 42 డిగ్రీల్లో పెంచి చూడండి. ఆరిస్ పెరుగుతుంది, హీమ్యులోనీ పెరగదు. తుది మాట అప్‌డేట్ చేసిన మాల్డి-టాఫ్ (ప్రొటీన్ల బరువు చూసి పేరు చెప్పే మెషీన్) లేదా సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం)ది.

బూజులు

ముందు ఒక హెచ్చరిక: బూజు ప్లేటును వాసన చూడొద్దు, బల్ల మీద తెరవొద్దు. హిస్టోప్లాస్మా, కాక్సిడియాయిడిస్ లాంటి డైమార్ఫిక్ (రెండు రూపాలుండే) ఫంగస్‌లు ప్లేటు మీద తెల్లటి మామూలు బూజులాగే ఉంటాయి, వాటి కణాలు పీల్చినవాళ్లకు జబ్బు వస్తుంది. క్యాబినెట్‌లోనే టేపుతో ఒక చిన్న మౌంట్ తీసి, లాక్టోఫినాల్ కాటన్ బ్లూలో చూసి, అలాంటిదేమీ లేదని తేలాకే స్లైడ్ కల్చర్‌కు వెళ్లండి.

స్లైడ్ కల్చర్‌కు పెట్రీ డిష్‌లో ఫిల్టర్ కాగితం, దాని మీద వంచిన గాజు కడ్డీ, పైన స్లైడ్. 1 సెం.మీ. పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ ముక్క పెట్టి, నాలుగు పక్కలా బూజు అంటించి, కవర్‌స్లిప్ కప్పండి. కాగితాన్ని స్టెరైల్ నీళ్లతో తడిపి 25 నుంచి 28 డిగ్రీల్లో 3 నుంచి 7 రోజులు ఉంచాలి. కాగితం ఆరితే బీజాలు రావు, నీళ్లు నిలిస్తే అగార్ జారిపోతుంది. రంగు మారడం మొదలైన రోజే కవర్‌స్లిప్ ఎత్తండి. మరీ ముదిరితే బీజాలన్నీ రాలిపోయి ఉత్త కాడలు మిగులుతాయి.

ఆస్పర్‌జిల్లస్‌లలో ఫ్యుమిగేటస్ పొగ ఆకుపచ్చ, ఫయలైడ్లు (బీజాలు పుట్టించే కణాలు) ఒకే వరుసలో గోపురం లాంటి తల పైభాగానికే పరిమితం, 48 డిగ్రీల్లోనూ పెరుగుతుంది. ఫ్లేవస్ పసుపు కలిసిన ఆకుపచ్చ, కాడ గరుకు. టెర్రియస్ దాల్చినచెక్క రంగు, దీనికి ఆంఫోటెరిసిన్ సాధారణంగా పనిచేయదు కనుక పేరు తేల్చడం చికిత్సనే మారుస్తుంది. రెండు నాలుగు రోజుల్లో మూతను తాకేలా ఊలులా పెరిగితే మ్యూకరేలిస్. వేళ్లలాంటి రైజాయిడ్లు కాడ కిందే ఉంటే రైజోపస్, కాడల మధ్య ఉండి తల కింద బేరిపండు ఉబ్బు ఉంటే లిక్టీమియా, రైజాయిడ్లే లేకపోతే మ్యూకర్. ఎంతకీ బీజాలు రాకపోతే పోషకం తగ్గించండి: అపోఫైసోమైసిస్, సక్సెనియా అనే మ్యూకరేలిస్ ఆకలి పెడితేనే, అంటే నీటి అగార్ మీదే, కాయలు కాస్తాయి.

తామర ఫంగస్‌లో రుబ్రమ్‌కు వెనుక ఎర్రరంగు, తీగ వెంట కన్నీటి చుక్కల్లాంటి బీజాలు, యూరియేజ్ నెగెటివ్. మెంటాగ్రోఫైటిస్‌కు గుత్తులుగా గుండ్రటి బీజాలు, చుట్టలు తిరిగిన తీగలు, యూరియేజ్ పాజిటివ్. టెర్బినాఫిన్‌కు మొండికేసే ఇండోటినియేను రూపం చూసి విడదీయలేం, ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం సీక్వెన్సింగ్ కావాల్సిందే.

ఎర్రరంగు అగార్‌లోకి దిగే పెన్సిలియం లాంటి బూజు వస్తే టాలరోమైసిస్ మార్నెఫీని గుర్తుతెచ్చుకోండి. రంగు వేరే జాతులకూ ఉంటుంది. 37 డిగ్రీల్లో బ్రెయిన్ హార్ట్ ఇన్ఫ్యూజన్ మీద ఈస్ట్‌గా మారితేనే నిజం. ఈ ఈస్ట్ మొగ్గ తొడగదు, మధ్యలో గోడ కట్టుకుని రెండవుతుంది. మాక్రోఫేజ్‌లో (క్రిములను మింగే రక్షక కణంలో) అదే సైజులో మొగ్గ తొడిగేది హిస్టోప్లాస్మా.

మెషీన్ చెప్పినప్పుడు

మాల్డి-టాఫ్‌కు మైకోబాక్టీరియాను వేడితో లేదా ఆల్కహాల్‌తో చంపాకే, గాజు పూసలతో పగలగొట్టి ఇవ్వాలి. క్షయ కుటుంబంలో ఏ సభ్యుడో అది చెప్పలేదు. సీక్వెన్సింగ్‌లోనూ సరైన జన్యువు ఎంచుకోవాలి: 16ఎస్‌తో కన్సాసీ, గాస్ట్రీ విడిపోవు. ఆస్పర్‌జిల్లస్‌కు ఐటీఎస్ చాలదు, బీటా ట్యుబ్యులిన్ లేదా కాల్‌మాడ్యులిన్ చూడాలి.

కార్ట్‌రిడ్జ్ పీసీఆర్‌లో అల్ట్రా రకం (ఎక్స్‌పర్ట్ అల్ట్రా) మి.లీ.కి సుమారు 16 క్రిములున్నా పట్టుకుంటుంది. అది చనిపోయిన క్రిమి డీఎన్‌ఏనూ పట్టుకుంటుంది కనుక చికిత్స పనిచేస్తోందా అని చూడటానికి వాడొద్దు. దానికి స్మియర్, కల్చరే. ‘ట్రేస్’ (అతి కొద్ది డీఎన్‌ఏ) అని వస్తే, రోగికి గతంలో క్షయ చికిత్స జరిగిందా అని అడిగాకే అర్థం చెప్పాలి. ఫంగస్ గోడ పదార్థాలను రక్తంలో వెతికే గాలక్టోమన్నాన్, బీటా-డి-గ్లూకాన్ పరీక్షలు రెండూ మ్యూకరేలిస్‌లో నెగెటివ్‌గానే ఉంటాయి.

రిపోర్టులో పేరుతోపాటు ఎక్కడి శాంపిల్, ఎన్నిసార్లు పెరిగింది, స్మియర్‌లో ఏం కనిపించిందో రాయండి. కళ్లెలో ఒక్కసారి పెరిగిన గోర్డొనే దాదాపు ఎప్పుడూ కుళాయి నీటిదే. ఏవియం ఊపిరితిత్తి జబ్బనాలంటే లక్షణాలు, స్కాన్ సరిపోవడంతోపాటు వేర్వేరు కళ్లెల్లో కనీసం రెండుసార్లు, లేదా ఊపిరితిత్తి కడిగిన నీటిలో ఒకసారి పెరగాలి. కళ్లెలో కాండిడాకు విలువ చాలా తక్కువ. రక్తంలో ఒక్క సీసాలో వచ్చినా దాన్ని కంటామినెంట్ అని పక్కన పెట్టకూడదు.